ఎడమవైపు వెంట్రుకవాసి

పదకొండో మౌత్‌గార్డును అతను మోడలు మీద నుంచి ఒలుస్తున్నాడు. వేడికి మెత్తబడి, సుద్ద పళ్ళకు అతుక్కుని, చల్లారాక బిగుసుకున్న నీలిరంగు షీటు అది. దాన్ని లాగకూడదు. ఒక మూల గోరు దూర్చి, గాలి చొరబడే దాకా ఆగి, కమలాపండు తొక్క తీసినట్టు చుట్టూ తిప్పుకుంటూ రావాలి. తొందరపడితే మోడలు ముందు పళ్ళు విరిగి గార్డులోనే ఉండిపోతాయి. ఇరవై ఆరేళ్ళలో అతని చేతిలో అలా విరిగినవి రెండో మూడో. ఒలిచిన గార్డును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పెదవి కింది నరానికి గుచ్చుకోకుండా అంచును వంపుగా కత్తిరించి, రబ్బరు చక్రం మీద నునుపు చేసి, ముందున్న పదింటి పక్కన పెట్టాడు. పదకొండు నీలి చిగుళ్ళు బల్ల మీద వరుసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

ఆ పళ్ళ ల్యాబు ఒక పొడుగాటి గది. వీధివైపు కిటికీ కింద అతని బల్ల, వెనక సందువైపు తొట్టి దగ్గర సుద్ద కలిపే ఆవిడ బల్ల. మధ్యలో అరల నిండా అట్టపెట్టెలు, పెట్టెల మీద నంబర్లు. పేర్లు క్లినిక్కులోనే ఆగిపోతాయి. ఇక్కడికి వచ్చేది నంబరూ, పలువరసా, డాక్టరు రాసిన చీటీ మాత్రమే. యాభై దాటిన అతనికి మెడ ముందుకు వంగి అలాగే ఉండిపోయింది. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఎన్నిసార్లు కడిగినా పోదు. కుడి బొటనవేలి చర్మం పళ్ళను తడిమి తడిమి నున్నబడింది. ఆ వేలితోనే అతను చదువుతాడు.

ల్యాబులో అతన్ని జోస్యుడు అంటారు. మోడలు చేతికి తీసుకుని, కళ్ళు సగం మూసి, వేలితో అటూ ఇటూ తడిమి, ఆ నోటి యజమాని బతుకు చెప్పేస్తాడు. ఇతను కుడివైపే నములుతాడు, ఎడమవైపు పన్నుకు భయపడి పదేళ్ళయింది. ఈమె పెన్ను కొరుకుతుంది, లెక్కలు రాసే ఉద్యోగం. ఇతను రాత్రుళ్ళు పళ్ళు నూరుతాడు, పగలు అందరి దగ్గరా మెత్తగా మాట్లాడతాడు. ఒకటి రెండుసార్లు క్లినిక్కు వాళ్ళను అడిగి సరిచూస్తే నిజమే అయింది. మనుషుల గురించి తనకు తెలిసినంతగా డాక్టర్లకు కూడా తెలియదని అతని నమ్మకం. అతనికి మనుషుల నోళ్ళంటే ఇష్టమే, అవి మాట్లాడకుండా ఉంటే.

పదిన్నరకు హాకీ కోచ్ వచ్చాడు.

"ఏం గురూ, మా కోతిమూక మూతులు రెడీనా?"

"రెడీ. ఈసారైనా నమలొద్దని చెప్పండి. పోయినసారివి తిప్పి పంపారు, చెరుకు పిప్పిలా ఉన్నాయి."

"చెప్తే వింటే వాళ్ళు పిల్లలెందుకవుతారు?" కోచ్ ఒక గార్డు తీసి తన నోటి దగ్గర పెట్టుకుని, సుద్ద ఆవిడ వైపు పళ్ళికిలించి, మళ్ళీ పెట్టేశాడు. "మొన్న అవతలి జట్టు పిల్లకి కర్ర తగిలింది. ముందు పళ్ళు రెండూ గడ్డిలో వెతుక్కున్నాం. గార్డు లేదా తల్లీ అంటే, సాక్సులోంచి తీసి చూపించింది!"

"సాక్సులో ఎందుకు పెట్టుకుంది?"

"పెట్టుకుంటే ఊపిరాడదట. దగ్గరే ఉంది కద సార్ అని ఏడుపు." కోచ్ పెద్దగా నవ్వి, పదకొండింటినీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

అతను కూడా నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద ఇంకా ఉండగానే సుద్ద ఆవిడ తడి చేతులతో ఒక మోడలు జత తెచ్చి బల్ల మీద పెట్టింది. పై పలువరస, కింది పలువరస. నంబరు రెండు వందల పద్నాలుగు.

"నైట్‌గార్డు, జోస్యుడు గారూ. అర్జెంటట. ముందు జాతకం చెప్పండి, తరవాత పని."

సుద్ద ఇంకా గోరువెచ్చగా ఉంది. అతను పై పలువరసను అరచేతిలో బోర్లించి, బొటనవేలితో వెనక నుంచి ముందుకు వచ్చాడు.

"అబ్బో," అన్నాడు.

"ఏంటి?"

"కోరపళ్ళు చూడు. మొన దేరి ఉండాల్సినవి రెండూ అరిగిపోయి పక్క పళ్ళతో సమానమయ్యాయి, గీత గీసినట్టు. దవడ పళ్ళ మీద గుంటలు. ఇది ఒకటి రెండేళ్ళ పని కాదు. ఇరవయ్యేళ్ళు నూరితే గానీ ఇలా రాదు."

"ఆడా, మగా?"

"ఆడమనిషి. కుట్టుపని చేస్తుంది." గోరుతో ముందు పంటి అంచును చూపించాడు. అక్కడ బియ్యపు గింజ పట్టేంత గాడి ఉంది. "దారం కొరికి కొరికి పడింది ఇది. కత్తెర పక్కనే ఉన్నా సరే, వీళ్ళు పళ్ళతోనే తెంపుతారు."

"మొగుడున్నాడా?"

"లేకేం! ఒంటరివాళ్ళ పళ్ళు ఇలా అరగవు." అతనికి ఊపు వచ్చింది. ఇలాంటప్పుడే అతని గొంతు కాస్త పెరుగుతుంది. "కొట్టడు, తాగడు. అలాంటివాడైతే ఆవిడ అరుస్తుంది, తిడుతుంది, పుట్టింటికి పోతుంది, పళ్ళకి ఇంత పని పడదు. ఈయన మంచాయన. నలుగురిలో పేరున్న మంచాయన. ఆవిడ ఏదో చెప్పబోతుంది, ఈయన పేపరు తిప్పుతాడు. ఆవిడ నోరు మూసుకుంటుంది. మూసుకున్న నోరు ఊరికే ఉంటుందా? ఇదిగో, ఇలా నూరుతుంది."

"పాపం! అలాంటివాణ్ణి చెప్పుచ్చుకు కొట్టాలి," అంది సుద్ద ఆవిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని.

"కొట్టడానికి కారణం దొరకదు. అదే వాడి గొప్ప."

ఆ మాట తనకే బాగా నచ్చి, చిరునవ్వుతో వేలిని ముందు పళ్ళ మీదుగా పక్కకు జరిపాడు. కుడివైపు ముందు పంటి మూల దగ్గర వేలు ఆగింది. అక్కడ ఒకప్పుడు చిన్న పెచ్చు ఊడింది. ఊడిన చోటు గరుకుగా లేదు. ఎవరో గుండ్రంగా నునుపు చేశారు, పెదవివైపు కాకుండా నాలుకవైపు ఎక్కువ వాలుగా. డాక్టర్లు అలా చెయ్యరు, కుర్చీ పక్కన నిలబడి చేసేవాళ్ళకు చెయ్యి అటు తిరగదు. ఎదురుగా కూర్చుని, మనిషి గడ్డాన్ని ఎడమచేత్తో పట్టుకుని చేస్తే అలా వస్తుంది.

అది అతని పనే.

పెళ్ళయిన కొత్తలో అతని భార్య సూది పళ్ళ మధ్య పెట్టుకుని దేనికో వెనక్కి తిరిగి తలుపుకు కొట్టుకుంది. పెచ్చు ఊడి నాలుకకు గీసుకుంటోంది అంటే, ల్యాబులోంచి చిన్న రబ్బరు చక్రం జేబులో వేసుకెళ్ళి, కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి సరిచేశాడు. ఆమె నవ్వాపుకోలేక రెండుసార్లు అతని వేలు కొరికింది. ఆమె నోట్లో అతను చెయ్యి పెట్టింది ఆ ఒక్కసారే.

"తరవాతేమవుతుందంటారు?" సుద్ద ఆవిడ అడుగుతోంది. "ఆవిడకి?"

"ఏమవుతుంది," అన్నాడు. "గార్డు పెట్టుకుని పడుకుంటుంది."

ఆవిడ పెదవి విరిచి తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది. అతను చీటీ తీసి చదివాడు. డాక్టరు చేతిరాత: 'గట్టి రకం నైట్‌గార్డు. ఈరోజు మూడింటికల్లా కావాలి. పేషెంటు ఊరు వదిలి వెళ్తున్నారు, మళ్ళీ రావడం కుదరదు. జాగ్రత్తగా సరిచూసి పంపండి.'

ఊరు వదిలి. అతను చీటీని తిప్పి వెనక్కి చూశాడు. వెనక ఏమీ లేదు.

పొద్దున ఆమె ఏం చేసింది? అన్నం డబ్బా చేతికిచ్చింది. మూత బిగించి పెట్టానన్నదో, చూసి పట్టుకోమన్నదో. అతను సరే అన్నాడు. ఆమె ముఖం ఎలా ఉందని తనను తాను అడిగితే, ముఖం రాలేదు. ఫోను బయటికి తీశాడు. ఆమెకు చివరిసారి చేసింది గ్యాసు బండ వచ్చిందా అని అడగడానికి. ఇప్పుడు ఏమని అడగాలి? వెళ్తున్నావా? ఎక్కడికి? ఆ ప్రశ్న అడగగలిగే మనిషి అయితే అడగాల్సిన అవసరమే వచ్చేది కాదని అతనికి తెలుస్తూనే ఉంది. ఫోను జేబులో పెట్టేశాడు.

షీటును బిగింపులో పెట్టి హీటరు వేశాడు. ఎర్రటి తీగ కింద ప్లాస్టిక్కు మెల్లగా మధ్యలో కుంగుతుంది. ఎంత కుంగితే దించాలో కళ్ళకు తెలుసు, చూస్తూ నిలబడటమే పని. నిలబడ్డాడు.

పెళ్ళయిన మొదటి నెలలోనే ఆ చప్పుడు విన్నాడు. గచ్చు మీద ఇనపపెట్టె లాగినట్టుండేది. భుజం తట్టి లేపితే, "నాకు తెలీదండీ, నిజంగా తెలీదు," అనేది, ఏదో దొంగతనం చేసి దొరికినదానిలా. ల్యాబులో ఆ సంగతి హాస్యంగా చెప్పాడు: మా ఇంట్లో రాత్రిపూట పిండిమర. అందరూ నవ్వారు. ఆమెకు మాట ఇచ్చాడు, వచ్చే వారం అచ్చు తీసి గార్డు చేస్తానని. ఆమె ఒకసారి గుర్తు చేసింది. కొన్నాళ్ళకు మళ్ళీ ఒకసారి. అమ్మాయి పుట్టాక మూడోసారి అడిగి, అతను తల ఊపితే, "పెరటి చెట్టు మందుకు పనికిరాదులెండి," అని నవ్వింది. ఆ తరువాత అడగలేదు. అతను తన మంచం ముందుగదిలోకి మార్చుకున్నాడు. పొద్దున్నే లేవాలి, నిద్ర చాలడం లేదు అన్నాడు. ఆమె దుప్పటి మడిచి ఇచ్చింది. మధ్యలో తలుపు వేస్తే చప్పుడు వినిపించేది కాదు. దాంతో ఆ ఇబ్బంది తీరిందనే అతను అనుకున్నాడు.

బద్ధకం అని ఇన్నాళ్ళూ తనకు చెప్పుకున్నాడు. బద్ధకం కాదు. ఊరందరి పళ్ళకూ చేసినవాడు ఇంట్లో మనిషికి చెయ్యకపోవడానికి బద్ధకం ఇరవయ్యేళ్ళు సరిపోదు. అచ్చు తీస్తే మోడలు వస్తుంది. మోడలు వస్తే వేలు దాని మీదికి వెళుతుంది. వేలికి అబద్ధం రాదు. ఇందాక సుద్ద ఆవిడ ముందు చెప్పిన జాతకమంతా తను వంటింట్లో నిలబడి, ఒంటరిగా, తనకే చెప్పుకోవలసి వచ్చేది. దాన్ని తప్పించుకోవడానికి ఆమె పళ్ళు అరగనిచ్చాడు. ఇంతకన్నా మెత్తగా చెప్పడానికి మాట వెతికాడు. దొరకలేదు.

షీటు కుంగింది. మీట లాగాడు. గాలి ఒక్కసారి పీల్చుకుని, ప్లాస్టిక్కు ఆమె పలువరస మీద బిగుసుకుంది.

భోజనానికి లేవలేదు. చల్లారిన గార్డును కత్తిరించి, రెండు మోడళ్ళనూ దవడలా తెరుచుకుని మూసుకునే ఇత్తడి బిగింపుకు ఎక్కించాడు. ఇక్కడినుంచే అసలు పని. నోరు మూసినప్పుడు కింది పళ్ళన్నీ గార్డును ఒకేసారి, ఒకే బరువుతో తాకాలి. మధ్యలో సన్నటి వెండిరేకు పెట్టి లాగుతూ, ఎక్కడ బిగిస్తే అక్కడ గీకుతూ, ఎక్కడ వదులైతే అక్కడ పూస్తూ రావాలి. ఒక్కచోట వెంట్రుకవాసి ఎత్తున్నా బరువంతా దాని మీదే పడుతుంది. మొదటి రోజు ఏమీ తెలియదు. నాలుగో రోజుకు చెవి కింద సలుపు. వారానికి నోరు తెరవాలంటే నొప్పి. అప్పుడు రాక తప్పదు. ఏ ఊళ్ళో ఉన్నా సరే, చేసినవాడి దగ్గరికే రావాలి.

అతని చెయ్యి ఆగింది.

కుడివైపు పూర్తయింది. ముందు పూర్తయింది. ఎడమవైపు చివరి దవడ పన్ను దగ్గర రేకు ఇంకా బిగిసే ఉంది. నాలుగుసార్లు చక్రం ఆనిస్తే పోతుంది. అతను చక్రాన్ని తిప్పాడు, దగ్గరికి తెచ్చాడు, ఆనించలేదు.

ఇది బాధ పెట్టడానికి కాదు, అనుకున్నాడు. మళ్ళీ రావడానికి. వారం తరువాత ఆమె చెవి కింద చెయ్యి పెట్టుకుని, "ఇక్కడ సలుపుతోందండీ," అంటుంది. కిటికీ దగ్గర స్టూలు వేస్తాడు. గడ్డం పట్టుకుంటాడు. అప్పుడు ఏదో ఒకటి మాట్లాడతాడు. ఏం మాట్లాడతాడో ఇప్పుడు తట్టలేదు, అప్పుడు తడుతుంది. పిలవడం చేతకానివాడు ఇంతకన్నా ఎలా పిలుస్తాడు? అలా అనుకుంటూనే, ఆమె దవడను కొక్కెంగా వాడుతున్నానని కూడా అతనికి తెలుసు. రెండు ఆలోచనలూ పక్కపక్కనే కూర్చున్నాయి. అతను రెండింటినీ లేపలేదు. గార్డును పాలిష్ చేశాడు. ఇరవై ఆరేళ్ళలో అంత మెరుపు ఏ గార్డుకూ రాలేదు.

"డెలివరీ అతనికి ఇస్తారా?" సుద్ద ఆవిడ అడిగింది.

"నేనే ఇచ్చేసి వస్తా."

"మీరా?" ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "ఎండలో? ఏంటి, ఆవిణ్ణి చూడాలనుందా? జాతకం నిజమో కాదో?"

అతను చొక్కా మీది పొడి దులుపుకుని బయటికి నడిచాడు.

క్లినిక్కు అయిదు వీధుల అవతల, మందుల దుకాణం పైన. వెనక మెట్ల నుంచి ఎక్కాడు. నర్సు గార్డు పెట్టిన డబ్బా అందుకుని, "పేషెంటు ఇందాకే వచ్చి కుర్చీలో ఉన్నారు, బతికించారు," అని లోపలికి తీసుకుపోయింది. నడవలో ఒక ప్లాస్టిక్ కుర్చీ. దాని పక్కన గోడకు ఆనించి ఉన్న ఆకుపచ్చ చేతిసంచిని అతను గుర్తుపట్టాడు. నిండుగా ఉంది. కుర్చీలో కూర్చున్నాడు. కర్టెన్ అవతల డాక్టరు గొంతు.

"కొరకండి. ఇంకోసారి. ఎలా ఉంది?"

ఏదో అస్పష్టమైన జవాబు, నోట్లో గార్డు ఉన్నవాళ్ళు మాట్లాడేలా.

"ఎడమవైపా? ఆఁ, ఇదిగో, చివర్న తగులుతోంది. ల్యాబువాళ్ళు వదిలేశారు. ఇంత శుభ్రంగా చేసి ఈ ఒక్కచోట ఎలా వదిలేశారో! పర్లేదు, రెండు నిమిషాల పని."

చక్రం మోగింది. నాలుగుసార్లు ఆనించి తీశారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పొడి పీల్చే గొట్టం గరగరమని ఆగింది.

"ఇప్పుడు కొరకండి. సమానంగా ఉందా? మీరు ఇక్కడికి రానక్కర్లేదు. ఆ ఊళ్ళో ఎవరికి చూపించుకున్నా చాలు."

ఆమె కొంగుతో పెదవులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, అతన్ని చూసి ఆగింది. ఉలిక్కిపడలేదు. అతను లేచాడు.

"మీరే తెచ్చారా," అంది.

"మా ల్యాబుకే వస్తుందని తెలుసా నీకు?"

"తెలుసు. ఊళ్ళో మీ అంత బాగా ఎవరూ చెయ్యరని డాక్టరుగారు చెప్పారు." సంచి భుజానికి తగిలించుకుంది. "నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

అతను కింది వీధివైపు చూశాడు. "అమ్మాయి దగ్గరికా?"

"అమ్మాయి దగ్గరే. వాళ్ళ వీధిలోనే కుట్టుపని దొరికింది."

"ఎన్నాళ్ళు?"

ఆమె అతని చొక్కా జేబు మీద మిగిలిన సుద్ద మరకను చూసింది.

"మిషను మొన్న శనివారమే లారీకి ఎక్కించాను," అంది. "నలుగురు వచ్చి మోశారు. మీరు ముందుగదిలోనే ఉన్నారు, పేపరు చదువుతూ. కాళ్ళు కాస్త తియ్యమంటే తీశారు కూడా."

అతను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. శనివారం. మిషను ఆమె గదిలో కిటికీ పక్కన ఉండేది. నిన్న ఉందా? ఈరోజు పొద్దున? ఆ చోటు అతనికి ఖాళీగా కనిపించలేదు, నిండుగానూ కనిపించలేదు. అసలు కనిపించనే లేదు.

"చెప్పి ఉండాల్సింది," అన్నాడు.

"చెప్పానండీ." ఆమె గొంతులో కోపం లేదు, అలసట కూడా లేదు. "బస్సుకి టైమవుతోంది. ఇంటి తాళం పక్కవాళ్ళకి ఇచ్చాను. పులుసు పొయ్యి పక్కన పెట్టాను, మాపు వేడి చేసుకోండి."

"ఎడమవైపు..." అన్నాడు.

"తీసేశారు డాక్టరుగారు. ఇప్పుడు బావుంది." రెండు మెట్లు దిగి, వెనక్కి తిరక్కుండా, "బాగా చేశారు," అంది.

ముందు మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు మందుల దుకాణం గోలలో కలిసిపోయింది. అతను కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. నర్సు కర్టెన్ పక్కకు లాగి, "వచ్చారు కదా, నిన్నటి అచ్చులు రెండున్నాయి, పట్టుకెళ్ళండి. లోపలికి రండి, డాక్టరుగారు పక్కగదిలోకి వెళ్ళారులెండి," అంది.

అతను లోపలికి వెళ్ళాడు. కుర్చీ ఇంకా వెనక్కి వాలి ఉంది. తల ఆనించే చోట చిన్న నొక్కు మెల్లగా పైకి లేస్తోంది. నర్సు అచ్చులు పొట్లం కడుతూ ఏదో చెబుతోంది, అతను ఊఁ కొడుతున్నాడు. కుర్చీ చేతికి బిగించిన స్టీలు పళ్ళెంలో, కాటు గుర్తులు చూడటానికి పెట్టే నీలం కాగితం ముక్క తడిగా ముడుచుకుని పడి ఉంది. ఆమె పళ్ళు తాకిన చోటల్లా రంగు ఊడి సన్నటి చుక్కలు, ఎడమవైపు చివర మాత్రం కాగితం పూర్తిగా చిరిగి ఒక్క చిల్లు, ఆ చిల్లులోంచి పళ్ళెం మెరుస్తోంది.